సూది లేని పురుగు

మొన్న మా మనవరాలు ఫోనులో ఈదుతున్న పురుగొకదాన్ని చూపించి, "అవ్వా, ఇదేందో చెప్పు చూద్దాం" అని నాకే పరీక్ష పెట్టింది. చూడగానే రాబ్డైటిస్ అన్నాను. పిల్ల నోరు తెరిచింది. ఏం, పావగడలో మట్టి పరీక్షల గదిలో మైక్రోస్కోపుకు కన్ను ఆనించి ఉద్యోగం చేసినదాన్ని, ఆమాత్రం గుర్తుపట్టనా?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా ఎండల సీమ ఎన్నడూ ఎరగని ముసురు పట్టి, వల్లూరు దగ్గరి మా వేరుసెనగ చేను పసుపు తిరిగి వాడిపోయింది. ఒక మొక్క పీకి తీసుకెళ్లి చూస్తే వేరు నిండా వెంట్రుకకన్నా సన్నని పురుగులు. ఆ మాట ఇంట్లో చెప్పానో లేదో, నాన్న మామ మీద విరుచుకుపడ్డాడు. మామంటే అమ్మకు సొంత తమ్ముడు. ఏటా వేసవిలో తన గొర్రెల మందను మా చేలో ఆపేవాడు, ఎరువు మాకు, గింజలు ఆయనకు. గొర్రెల కడుపులో పురుగులుంటాయని ఎరిగిన నాన్న, ఆ పురుగే పెంటలోంచి వేరుకు పట్టిందని తీర్మానించి, ఇక మంద మా గట్టు తొక్కరాదన్నాడు. "మందా రాదు, నేనూ రాను బావా" అని మామ వెళ్లిపోయాడు. పుట్టింటి దారి మూసుకుపోయిందని అమ్మ కుమిలిపోతుంటే నాకు ఒళ్లు మండింది.

మర్నాడు ఆ పురుగునే పట్టి నిదానంగా చూశాను. గాజులాంటి ఒళ్లు కాబట్టి లోపలిదంతా కనబడుతుంది: సన్నని గొట్టంలాంటి నోరు, దాని వెనక కొట్టుకుంటూ తిండిని లోపలికి లాగే గొంతు, తోకదాకా తిన్నని పేగు, ఆడదైతే నడుమ గుడ్లు. వేరు రసం పీల్చే జాతికి నోట్లో సూది ఉంటుంది, దీనికి లేదు. పెంటలో, తడిమట్టిలో, కుళ్లినవాటిలో కాపురముండి, అక్కడి బాక్టీరియాను మింగి బతికే రాబ్డైటిస్ ఇది. నీళ్లు నిలిచి వేరు ముందే కుళ్లింది. తిండి దొరుకుతుందని ఇది తర్వాత చేరింది. చావు దినానికొచ్చి భోంచేసినవాణ్ణి పట్టుకుని హంతకుడన్నట్టుంది మా నాన్న న్యాయం!

నాన్ననూ మామనూ వేర్వేరు బస్సుల్లో పావగడకు రప్పించి, సూది ఉన్న పురుగునూ లేనిదాన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూపించాను. నాన్న చాలాసేపు చూసి, మామ వైపు తిరిగి, తప్పయిందన్న మాట ఎత్తకుండానే, "సూది లేనిది ఏరును యాడ పొడుస్తాదప్పా? మంద ఎప్పుడు తోలుకొస్తావు?" అన్నాడు. ఆ పూట అమ్మ ఒబ్బట్లు చేసింది.

ఇప్పుడా చేలో సోలార్ ప్యానెళ్లున్నాయి. కౌలు తప్పకుండా వస్తుంది, కాదనను. ప్యానెళ్లు కడిగిన నీళ్లు జారేచోట ఆ పురుగు ఇంకా ఈదుతూనే ఉంటుందని నా నమ్మకం. కాస్త తడి, కాస్త కుళ్లు ఉంటే దానికి చాలు. మామ కొడుకు అక్కడే సెక్యూరిటీ పని చేస్తాడు, మా తమ్ముడు ఆ గేటు ముందునుంచే రోజూ బండిమీద పోతాడు. వాళ్లిద్దరికీ ఏ తగువూ లేదు, ఒకరితో ఒకరికి పనీ లేదు. అలగడానికైనా, అలిగినవాణ్ణి మళ్లీ పిలవడానికైనా, నడుమ ఒక మంద ఉండాలి కదా.