బొటనవేలు నొక్కిన పాపానికి

ఆ వీధిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టిన కొత్తల్లో ‘కర్టెన్లు కుట్టే ఆవిడ’ అనేవారు. రానురాను అది అరిగిపోయి ‘కర్టెన్లక్క’గా మిగిలింది. ఆమె కన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా నోరారా అక్కా అనే పిలిచేవారు. ఆమె పలికేది.

ఇంట్లో ముందుగదంతా ఆమె పనికే సరిపోయేది. ఒక గోడ వారగా మోటారు మిషను, మధ్యలో మంచమంత బల్ల, మూలన చుట్టచుట్టి నిలబెట్టిన బట్టల తానులు. గుమ్మం పక్క కుర్చీ అత్తగారిది. పాత కర్టెన్లకున్న కొక్కేలు ఊడదీసి డబ్బాలో వెయ్యడం, వీధిలో వచ్చేపోయే వాళ్లందరి మీదా తీర్పులు చెప్పడం ఆవిడ రెండు ఉద్యోగాలు. భర్త సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య బతికే మనిషి కాబట్టి ఇంటికొచ్చాక ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే మాత్రం ఎవరో ఒకరు నవ్వాల్సిందే.

ఒక్కతే కూతురు, తొమ్మిదో తరగతి. పొద్దున కళ్లు తెరిచింది మొదలు వాగుతూనే ఉంటుందని నాయనమ్మ ‘పిచ్చుక’ అని పేరు పెట్టింది. పిచ్చుక చదివే బడి వాళ్ల తాహతుకు కాస్త పైమెట్టుదే. అయినా ఎలాగోలా ఫీజులు కట్టుకొస్తున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం కర్టెన్లక్క ఏదో ఆఫీసులో నిచ్చెనెక్కి కర్టెన్ రాడ్డు బిగిస్తోంది. పెదాల మధ్య స్క్రూలు, ఒక చేతిలో డ్రిల్లు. నడుముకు కట్టుకున్న సంచిలో ఫోను ఆగకుండా టింగుటింగుమంటోంది. తీసి చూస్తే బడి వాళ్ల తల్లిదండ్రుల గ్రూపు. ‘మన పిల్లలకు గొప్ప అవకాశం’ అని పైన పెద్ద మెసేజి, దాని కింద వరసగా బొటనవేళ్ల గుర్తులు. వానలా పడుతున్నాయి. పదిమందీ నమస్కారం పెడుతుంటే మనం మాత్రం చేతులు ముడుచుకుని ఉంటామా? ఆమె కూడా ఖాళీగా ఉన్న చేత్తో ఒక బొటనవేలు నొక్కి ఫోను సంచిలో పడేసి మళ్లీ డ్రిల్లు అందుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిచ్చుక వీధి చివరికే ఎదురొచ్చింది.

“అమ్మా! మా మిస్ క్లాసులో నా పేరు చదివింది! నేనూ వెళ్తున్నా! విమానం అమ్మా, మంచు కొండలు!”

“ఎక్కడికే?”

“అదేంటి, నువ్వే కదా సరేనన్నావు!”

కర్టెన్లక్క అక్కడే రోడ్డు మీద నిలబడి మెసేజి మొత్తం చదివింది. విదేశంలో పది రోజులు. మంచు కొండలు, సైన్సు మ్యూజియం, కొండల మధ్య తాడు మీద వేలాడుతూ వెళ్లే బండి. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో, ఖర్చు. ఏడాదంతా వంచిన నడుము ఎత్తకుండా కుట్టినా ఆమెకు చేతిలో మిగలని డబ్బది. గ్రూపులో బొటనవేలు నొక్కినవాళ్లంతా ఒప్పుకున్నట్టేనని బడి వాళ్లు పేర్లు రాసేసుకున్నారు.

ఇంట్లో పిచ్చుక నాయనమ్మ భుజాలు పట్టుకుని ఊపేస్తోంది. “మంచు నాయనమ్మా, మంచు!”

“మంచు చూడ్డానికి అంత దూరమెందుకే? ఫ్రిజ్జు తలుపు తియ్యి, కావలసినంత,” అందావిడ.

రాత్రి భోజనాల దగ్గర భర్త సంగతంతా విన్నాడు. “నువ్వు నొక్కింది బొటనవేలు కాదే. వేలిముద్ర. మన నలుగుర్నీ కలిపి రాసిచ్చేశావు.” ఆమె మొహం చూసి మళ్లీ తనే అన్నాడు, “సర్లే, డబల్ డ్యూటీలు అడుగుతా. నువ్వూ పెద్ద ఆర్డర్లేమైనా చూడు.”

వద్దని ఒక్క మాట అనుంటే ఆ రోజుతో తెగిపోయేది. కానీ అనబుద్ధి కాలేదు ఆమెకి. పిచ్చుక అప్పటికే ఉన్న చొక్కాలన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, చలికి తట్టుకోవడం అలవాటు చేసుకుంటున్నానంటూ ఎండలో చెమటలు కక్కుతూ తిరుగుతోంది. ఆ పిల్లని అలా చూస్తుంటే, ఏదో ఒకటి చేసి పంపిద్దామనే అనిపించేది. తనెప్పుడూ ఊరు దాటింది లేదు. కూతురైనా దాటాలని ఉంది.

పెద్ద ఆర్డరు ఒకటి నిజంగానే చేతిలో ఉంది. ఊరి చివర కొత్తగా కట్టిన అపార్టుమెంటులో, పై అంతస్తు, ఇల్లంతా కిటికీలే. కొలతలు తీసుకోవడం అయిపోయింది, బట్ట కూడా ఖాయమైంది. ఇక అడ్వాన్సు తీసుకోవడమే తరవాయి. అది చేతికొస్తే ట్రిప్పు మొదటి వాయిదా కట్టెయ్యొచ్చు. రెండు బస్సులు మారి వెళ్లి బెల్లు కొట్టింది.

తలుపు తీసిన ఇల్లావిడ మొహం వాడిపోయి ఉంది. హాల్లో కిటికీలకి న్యూస్ పేపర్లు అంటించి ఉన్నాయి.

“ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదక్కా,” అంది ఆవిడ. “కర్టెన్లు ఇప్పుడొద్దు.”

“రంగు నచ్చలేదా అమ్మా? మార్చేద్దాం, దానిదేముంది.”

“రంగు కాదు.” “మావారి ఉద్యోగం పోయింది. పోయి చాలా రోజులే అయింది, ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరతారు. లైబ్రరీలో కూర్చుని ఉద్యోగాలు వెతుక్కుంటారు. ఉన్నది కాస్తా పట్టుకెళ్లి మావాడి బడి ట్రిప్పుకి కట్టాలి. వాడు మంచు మంచు అని కలవరిస్తున్నాడు.”

కర్టెన్లక్కకి చేతిలో ఉన్న శాంపిళ్ల పుస్తకం బరువెక్కినట్టయింది. “ఏ బడి అమ్మా మీవాడిది?”

ఆవిడ బడి పేరూ, క్లాసూ చెప్పింది.

“మా పిచ్చుకదీ ఆ క్లాసే. మీ కర్టెన్ల డబ్బు తీసుకెళ్లి ఆ ట్రిప్పుకే కడదామని వచ్చాను.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో గానీ, నవ్వు మొదలయ్యాక మాత్రం ఆగలేదు. కిటికీ కింద నేల మీద చతికిలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు.

“మరి ఎందుకు ఒప్పుకున్నారమ్మా?”

“అందరూ ఒప్పుకున్నారుగా అక్కా.”

“ఆ అందరిలో నేనూ ఒకదాన్నే. నేనెందుకు ఒప్పుకున్నానో నాకే తెలీదు.”

వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో ఆమెకి ఒకటే ఆలోచన. అంత పెద్ద ఇంట్లో ఉన్నావిడే ఇలా ఉందంటే, ఇంకా ఎంతమంది లోపల్లోపల నలిగిపోతున్నారో.

ముందు కూతురికి చెప్పింది. బల్ల మీద బట్ట తీసేసి, పక్కన కూర్చోబెట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది. పిచ్చుక బల్ల మీది కొలతల టేపు చుట్టడం, విప్పడం మొదలుపెట్టింది.

“అయితే నాకు ఒంట్లో బాలేదని చెప్పు,” అంది చివరికి. “జ్వరమని చెప్పు.”

“వచ్చే నెల జ్వరమొస్తుందని ఇప్పుడే ఎలా చెప్తామే?”

“ఏదో ఒకటి చెప్పు. డబ్బుల్లేవని మాత్రం చెప్పకు. అందరిలో నా పరువు పోతుంది.”

“డబ్బు లేకపోవడం మనం చేసిన తప్పు కాదు తల్లీ. లేకుండానే ఉందని చెప్పడం నేను చేసిన తప్పు.”

పిచ్చుక లేచి లోపలి గదిలోకి వెళ్లి ధడాలున తలుపేసుకుంది. నాయనమ్మ వెళ్లి ఎంత బతిమాలినా తీయలేదు.

మర్నాడు పొద్దున కర్టెన్లక్క గ్రూపులో రాయబోయింది. రాసింది చదువుకుంటే అర్జీలా ఉంది. చెరిపేసింది. మళ్లీ రాస్తే పోట్లాటలా ఉంది. అదీ చెరిపేసి, ఇక లాభం లేదని ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాటల్లోనే చెప్పింది. “అందరికీ నమస్కారమండీ. ఆ రోజు మెసేజి పూర్తిగా చదవకుండా నేను వేలు నొక్కేశాను. మా దగ్గర అంత డబ్బు లేదు. మా అమ్మాయిని పంపలేము. నాలాంటివాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి. ఎవరూ లేకపోయినా పరవాలేదు.”

పంపేసి మిషను దగ్గరికెళ్లింది. గ్రూపులో చడీచప్పుడు లేదు. ఒక కర్టెన్‌కి తలకిందులుగా మడత కుట్టేసి మళ్లీ విప్పుకుంటూ కూర్చుంది. కాసేపటికి టింగుమంది. ‘మేము కూడా పంపలేము’ అని అపార్టుమెంటావిడ. ఆ తర్వాత మరొకరు. మధ్యాహ్నానికల్లా ఫోను ఆగలేదు. మొదటి రోజు అందరికంటే ముందు బొటనవేలు పెట్టిన పెద్దమనిషి కూడా అందులో ఉన్నాడు. సాయంత్రానికి తేలిందేమిటంటే, క్లాసులో సగానికి పైగా తల్లిదండ్రులు అప్పు చేస్తే తప్ప పిల్లల్ని పంపే స్థితిలో లేరు.

ప్రిన్సిపాల్ మేడం సమావేశం పెట్టింది. తల్లిదండ్రులంతా పిల్లల బెంచీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. మేడం చెడ్డ మనిషి కాదు, నిజంగానే నొచ్చుకుంది. “ఒక్కరైనా ముందే చెప్పి ఉండొచ్చు కదండీ.”

“ముందు ఎవరు చెప్తారా అని అందరం చూశాం మేడం,” అన్నారెవరో వెనకనుంచి.

ఒక తండ్రి లేచాడు. “నేను డబ్బు కట్టేశాను. మా అమ్మాయి ఎందుకు మానుకోవాలి?” అదీ న్యాయమే. ఎవరూ కాదనలేదు. వెళ్లగలిగినవాళ్లు వెళ్లొస్తారని తేల్చారు. మరి మిగిలినవాళ్లో?

అప్పుడు లేచాడు సోషల్ మాస్టారు. రైల్లో ఒక్క పూట ప్రయాణంలో ఓడరేవు ఉందనీ, అక్కడి నావికుల శిక్షణ బడిలో తన చిన్ననాటి స్నేహితుడు పనిచేస్తున్నాడనీ, పిల్లలు ఉండటానికి వాళ్ల హాస్టలు ఇస్తారనీ, ఓడలు ఎక్కి చూడొచ్చనీ, లైట్‌హౌసు కూడా ఉందనీ గబగబా చెప్పుకుపోయాడు.

“ఇంత మంచి సంగతి ఎప్పుడూ చెప్పలేదేం మాస్టారూ?” అంది మేడం.

“ప్రతి ఏడాదీ చెబుతూనే ఉన్నాను మేడం. మీరు నవ్వి ఊరుకునేవారు.”

ఈసారి అందరూ నవ్వారు, మేడంతో సహా. పిల్లల వెంట ఇద్దరు తల్లులు కూడా రావాలన్నాడు మాస్టారు. బెంచీల్లో ఉన్న తలలన్నీ కర్టెన్లక్క వైపు తిరిగాయి. రెండో తల్లిగా అపార్టుమెంటావిడ చెయ్యెత్తింది.

ఈ కబురు వినగానే పిచ్చుక ఒంటికాలి మీద లేచింది. “నువ్వు రావడమేంటి! దాని బదులు ఇంట్లో కూర్చుంటా!” అసలే మూతి ముడుచుకుని ఉంది. ఆ తర్వాతి నెల, మంచు కొండలకు వెళ్లిన స్నేహితురాలు ఫోటోలు పంపినప్పుడు ఒక్కొక్కటీ వేలితో పెద్దది చేసుకుని చూసింది. ఏడవలేదు. ఆ పూట సరిగ్గా తినలేదంతే. తల్లి అది గమనించింది.

రైల్లో పిచ్చుక తల్లికి వీలైనంత దూరంగా పెట్టె ఆ చివర కూర్చుంది. ఓడరేవులో కూడా అంతే, తల్లి ఎదురొస్తే పక్కకి చూసేది. రెండో రోజు లైట్‌హౌసు ఎక్కించారు. లోపల చీకటి, గోడ చుట్టూ మెలికలు తిరుగుతూ ఇనప మెట్లు, మెట్ల సందుల్లోంచి అట్టడుగు దాకా కనిపిస్తోంది. పిల్లలు కేకలేసుకుంటూ ముందు పరిగెత్తారు. అందరి వెనకా ఎక్కుతున్న కర్టెన్లక్కకి సగం దారిలో మెట్టు మీద బిగుసుకుపోయి కూర్చున్న కూతురు కనిపించింది. చేతులు కమ్మీని వదలడం లేదు.

“కిందికి దిగుదామా?”

“వద్దు.”

“పోనీ పైకెళ్దామా?”

“వద్దు!”

తల్లి కింది మెట్టు మీద కూర్చుంది. “మొదటిసారి నిచ్చెనెక్కినప్పుడు నేను పైన ఏడుస్తూ కూర్చున్నా. ఆ ఇంటాయన వచ్చి దింపాడు. కూలి తీసుకోవడానికి కూడా సిగ్గేసింది.”

పిచ్చుక పెదవుల మీదికి నవ్వు వచ్చి ఆగింది. మెల్లగా అడిగింది. “ఆ రోజు గ్రూపులో చెప్పినప్పుడు నీకు భయమెయ్యలేదా?”

“వెయ్యకపోవడమేమిటే, పంపాక కర్టెన్‌కి మడత తలకిందులుగా కుట్టేశాను.”

“నా వెనక బెంచీ అమ్మాయి నీకు థాంక్స్ చెప్పమంది. వాళ్లమ్మ గాజులు అమ్మాల్సొచ్చేదట. నేనే నీకు చెప్పలేదు. కోపంగా ఉండి.”

“ఇప్పుడు చెప్పావుగా. లే, నువ్వు ముందు నడు, నీ వెనకే నేను. పడితే నా మీదే పడతావు.”

పైకి చేరేసరికి ఒక్కసారిగా గాలి కొట్టింది. సముద్రం. ఆమె అంత నీళ్లు ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు. దూరంగా ఓడలు కదులుతున్నాయో ఆగి ఉన్నాయో తెలియకుండా ఉన్నాయి. కొంగు నడుముకు దోపుకుని కళ్లార్పకుండా చూస్తూ నిలబడిపోయింది. పిచ్చుక ఆమె చెయ్యి వదల్లేదు, స్నేహితులు చూస్తున్నా కూడా.

ఇల్లు చేరాక తల్లీకూతుళ్లిద్దరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. క్రేను ఎంతెత్తుందో ఒకరు, ఓడ వంటగదిలో గిన్నె ఎంత పెద్దదో ఇంకొకరు. “అమ్మా, నువ్వు ఆగు, అది అలా కాదు!” అని పిచ్చుక, “నువ్వు పడుకున్నావే అప్పుడు, నీకేం తెలుసు?” అని తల్లి. డ్రైవరుగారు సంచి మోస్తూ వాళ్లిద్దరి మధ్యా తల అటూ ఇటూ తిప్పుతున్నాడు తప్ప, ఒక్క ముక్క మాట్లాడే సందు దొరకలేదు.

అత్తగారు కొక్కేల డబ్బా పక్కన పెట్టి అంతా శ్రద్ధగా వింది.

“మెట్లు నా వల్ల కాదు, నాకు మోకాళ్లు లేవు,” అంది. “కింద కుర్చీ వేసిస్తే కూర్చుని ఓడలు చూస్తా. మరి నన్నెప్పుడు తీసుకెళ్తార్రా?”

కొడుకు నవ్వుతూ సంచి కింద పెట్టి, రైళ్ల టైములు చూద్దామని ఫోను తీశాడు.