సన్నగా తిప్పిన కుళాయి

నా చిన్నప్పుడు మేము జాంబియాలో ఒక పల్లెటూళ్ళో ఉండేవాళ్ళం. మా నాన్నగారు అక్కడి బడిలో లెక్కల మాస్టారు. బడి పక్కనే మా ఇల్లు.

మా వీధి చివర నా ఈడు పిల్ల ఒకతి ఉండేది. తల్లీతండ్రీ లేరు, అమ్మమ్మే పెంచుతోంది. ఆ పిల్లకి చదువంటే ప్రాణం. కానీ పొద్దున్నే డబ్బా నెత్తిన పెట్టుకుని వాగుకి వెళ్ళి వచ్చేసరికి బడి వదిలేసేవారు. ముసలావిడని తప్పుపట్టడానికి లేదు, నీళ్ళు లేకపోతే వంట ఎలా అవుతుంది?

మా అమ్మ పెద్దగా చదువుకోలేదు గానీ ఉపాయాలకు లోటు లేదు. నాన్నగారిని ఒప్పించి, బడి కుళాయి దగ్గరే నీళ్ళు పట్టుకోమని ఆ పిల్లకి కబురుపెట్టింది. ఆ పిల్ల డబ్బా పెట్టగానే అమ్మ కుళాయిని దారంలా సన్నగా తిప్పేది. నిండేదాకా బడి లోపలికెళ్ళి కూర్చోమనేది. డబ్బా నిండేసరికి వాగుకి పోయొచ్చినంత సేపూ పట్టేది, పాఠాలూ అయ్యేవి.

ఒకరోజు ముసలావిడే వచ్చింది, కుళాయి ఇంత దగ్గరుండగా ఆలస్యం ఎందుకవుతోందో చూద్దామని. ఆ పూట జ్వరమని నేను బడి మానేసి, అమ్మతో మా వరండాలో బియ్యం ఏరుతున్నాను. ఆవిడ నేరుగా వెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్ళు దబదబా పడ్డాయి. అమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఇక ఆ పిల్ల చదువు అయిపోయినట్టేనని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే బడి లోపలినుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది, ఒక్కతే పాఠం చదువుతోంది. ముసలావిడ కదలకుండా వింది. తర్వాత డబ్బాలో సగం నీళ్ళు మొక్కలకి పారబోసి, కుళాయిని అమ్మకన్నా సన్నగా తిప్పి, మా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని అమ్మ చాలాసేపు నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు జర్మనీలో, వాల్డార్ఫ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలి బడి పిల్లలు ఆఫ్రికాలో ఒక పల్లెబడికి సాయం చేద్దామని స్పెండెన్‌లాఫ్ పెట్టుకున్నారు, అంటే విరాళాల కోసం పరుగు.

“అమ్మమ్మా, బుక్స్ పంపాలా, టాబ్లెట్సా? నీకేది బెటర్ అనిపిస్తుంది?” అని అడిగింది.

“ముందు, రాని పిల్లలు ఎందుకు రావట్లేదో మీ టీచర్ని కనుక్కోమను తల్లీ” అన్నాను.

కనుక్కున్నారు. ఆడపిల్లలు నీళ్ళకి పోతున్నారట. ఈ పరుగు ఆ బడిలో కుళాయి కోసమే.

బడికి రాని పిల్ల కనబడితే నేనిప్పటికీ ముందు ఆ పిల్ల నెత్తిన ఏ బరువుందో చూస్తాను. మనవరాలితో ఇంకొక మాట కూడా చెప్పాను, ఆ కుళాయిని కాస్త సన్నగా తిప్పమని అక్కడివాళ్ళకి రాయమని. “వారుమ్, అమ్మమ్మా? ఎందుకు?” అంది. పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పాను.