ఒకటే షార్పు, రెండిళ్లు

ఆ రోజుల్లో జంషెడ్‌పూర్‌లో కీర్తనల పుస్తకం తెరిచి, రెప్ప వేసేలోగా పాట ఏ కీలో ఉందో చెప్పగల మొనగాడు, సాక్చి నుంచి మాంగో దాకా నేనొక్కడినే. (మాంగో అబద్ధం. నది దాటి వెళ్లి నేనెప్పుడూ హార్మోనియం ముట్టలేదు. సాక్చి కూడా సాగదీసిందే. మా సీతారాండేరా తెలుగు మందిరంలో నొటేషను చదివేవాళ్లం ఇద్దరమే: హార్మోనియం వాయించే షార్పు మాస్టారు, ఆయన శిష్యుణ్ణి నేను.) ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారు సూత్రం చెప్పారు. "గీతల మొదట్లో షార్పు గుర్తులుంటాయి కదరా, ఆఖరి దాని మీద అర మెట్టెక్కు. అదే పాట ఇల్లు, దాని కీ. ఒకటే ఉంటే అది ఎఫ్ మీద, ఎక్కితే జీ. ఒరే, ఆగు, ఇంకోటుంది..." అంటుండగానే కార్ఖానాలో బి షిఫ్టు సైరన్ కూసింది. నేను సైకిలెక్కేశాను.

గుడ్ ఫ్రైడేకి మాస్టారికి జ్వరం. సంఘం పెద్దాయన నన్ను పిలిచి, "ఈవేళ ఠీక్‌సే వాయిత్తే ఈస్టరుకీ నువ్వేరా" అన్నారు. హార్మోనియం ముందు కూర్చున్నవాడికి ఎదురుగా ఆడవాళ్ల రెండో వరస కనబడుతుంది. ఆ వరసలో ఒకమ్మాయి ఉంది. ఈస్టరు మీద నా ఆశంతా అదే.

పుస్తకం తెరిచాను. ఒకటే షార్పు. "జీ మేజర్!" అని రెండో వరసకు వినబడేలా ప్రకటించి, జీ మీద గట్టిగా శ్రుతి ఇచ్చాను. మావాళ్లంతా చెవితో నేర్చినవాళ్లు. ఆ శ్రుతినే పట్టుకుని పాట ఎత్తుకున్నారు. నా వేళ్లేమో పుస్తకంలో రాసినట్టు కింద ‘ఈ’ స్వరం దగ్గర మొదలయ్యాయి. పాట మేడ మీద, పెట్టె నేల మీద. చరణానికి వచ్చేసరికి పై స్వరం అందక ఆడవాళ్ల గొంతులు చీరుకుపోయాయి. వెనక బెంచీ తాతగారు, "ఏటర్రా ఇది, ఏడుపు పాటా, కొట్లాటా?" అన్నారు.

(తర్వాత మాస్టారు మంచం మీంచే తిట్టారు: "ఒకే షార్పుకి రెండిళ్లురా, జీ మేజరూ, ఈ మైనరూ. కింది గీతల్లో పాట ఆఖరి స్వరం ఎక్కడ కూకుందో చూసుకోవాల. అది చెప్పబోతేనే పారిపోనావు!")

అయినా నేను చలించలేదు. చెయ్యెత్తి అందర్నీ ఆపి, ‘ఈ’ స్వరం మెట్టు నొక్కి, పాట మళ్లీ మొదలుపెట్టించాను. మనవలకు ఇన్నేళ్లుగా ఇలాగే చెబుతున్నాను. ఇప్పుడిలా రాసింది ఇంట్లో చదివి వినిపించాను. ఆనాటి రెండో వరస అమ్మాయి, చిక్కుడుకాయలకు ఈనె తీస్తూ వింది.

"చెయ్యెత్తేరేటి మీరు? రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూకున్నారు. నేనే లేచొచ్చి, మాస్టారు ఆ పాటకెప్పుడూ నొక్కే మెట్టు నొక్కేను. ఈస్టరుకి పాపం ఆయన జొరంతోనే వచ్చి వాయించేరు. అదీ రాయండి."