మెట్లు లేని గేటు

గులాం మొహిద్దీన్ మంచివాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మూడేళ్లు అతని వ్యానులో తిరిగినదాన్ని, నాకు తెలియదా? నోట్లో వక్క, మొహంలో చిరాకు, పలకరిస్తే విసురు. గుడ్ మార్నింగ్ అంటే "సీటుబెల్టు" అనేవాడు. అదే అతని గుడ్ మార్నింగ్.

మాది ఇళ్లకు నర్సులను పంపే కంపెనీ. ఆఫీసు అబుదాబి పక్కన ముసఫ్ఫాలో. మంచం దిగలేని ముసలివాళ్లకు కట్లు మార్చడం, ఇంజెక్షన్లు ఇవ్వడం మా పని. 2021లో నేను చేరినప్పుడు మా నలుగురు నర్సులకు మొహిద్దీన్ వ్యాను ఇచ్చారు. నాది పాలకొల్లు, అతనిది రాయచోటి. ఎడారిలో తెలుగు డ్రైవరు దొరికాడని మొదటిరోజు మురిసిపోయాను. రెండోరోజుకే ఆ ముచ్చట తీరిపోయింది.

గొడవ గాలి దగ్గర మొదలైంది. ముందు అద్దానికి రబ్బరు మూతితో అంటించిన నావిగేషన్ మిషన్ ఒకటి అతనికి ఉండేది. అరచేయంత ఉంటుంది. ఒక మూల పగిలింది, కింద వైరు వేలాడుతుంది. 2012లో షార్జాలో సెకండ్‌హ్యాండ్‌లో సొంత డబ్బు పెట్టి కొన్నాడట. ఎండాకాలం అది కాగిపోయి ఆగిపోయేది. అందుకని మొహిద్దీన్ ముందున్న ఏసీ గాలంతా దాని మీదికే తిప్పేవాడు. వెనక ఏసీ ఎప్పుడో చచ్చింది. జూలై నెలలో మేం నలుగురం ఆ వ్యానులో ఇడ్లీల్లా ఉడికేవాళ్లం.

"భాయ్, కాస్త ఇటు కూడా తిప్పవయ్యా. మేం మనుషులం కాదా?"

"మిషను ఆగిపోతే దావ నువ్వు చూపిస్తావామ్మా?"

"అందరిలాగా ఫోన్లో చూసుకోవచ్చుగా?"

"ఫోను చేతిలో పట్టుకుంటే ఎనిమిదొందల దిర్హాములు ఫైను, లైసెన్సు మీద నాలుగు బ్లాక్ పాయింట్లు. నువ్వు కడతావా?"

ఒకటంటే నాలుగు అప్పజెప్పే రకం. నేనూ తక్కువ తినలేదు. ఆ నాలుగింటికి ఎనిమిది తిరిగి ఇచ్చేదాన్ని. మా ఇద్దరి మధ్య పడలేక హెప్సీ అనే చిన్నపిల్ల చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేది. నర్సు కదా, దూదికేం కరువు?

ఆ మిషన్లో అడ్రసు ఎక్కించడం అతనికి రాదు. ఇంటి దగ్గర వ్యాను ఆపి, మీట నొక్కి, ఆ చోటుకు తనకు తోచిన పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటీ వెతుక్కుంటూ కొట్టేవాడు. అవన్నీ రాయచోటి పేర్లు. బనియాస్‌లో కాలిపుండు ముసలమ్మ ఇల్లు మామిడికాయల మండీ. షహామాలో పక్షవాతం పెద్దాయన ఇల్లు పాత బస్టాండు. ఇదేం పిచ్చి అని ఒకసారి అడిగాను.

"ఇంటింటికీ మహమ్మదే, వీధి వీధికీ అదే గోడ. మా ఊరైతే కండ్లు మూసుకున్యా గుర్తుంటాది" అన్నాడు.

తరువాతి పేషెంటు ఇల్లు ఏదో వ్యాను తీసేముందు గట్టిగా చెప్పేవాడు. విని విని మాకూ అలవాటైపోయింది. "అక్కా, రేపు నాకు పాత బస్టాండు డ్యూటీ" అనేది హెప్సీ, రాయచోటి ఏ దిక్కున ఉందో కూడా తెలియకుండానే.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. గేటు మాత్రం తప్పేవాడు కాదు. ఇక్కడి పెద్ద ఇళ్లకు రెండు మూడు గేట్లుంటాయి. ముందుది మగవాళ్లు అతిథులతో కూర్చునే మజ్లిస్‌కు. నర్సు వెళ్లాల్సింది ఆడవాళ్లుండే వైపు గేటుకు. కంపెనీ దగ్గరున్న లొకేషన్లన్నీ ముందు గేటువే. మొహిద్దీన్ మిషన్లో ఉన్నది పనమ్మాయి తలుపు తీసే గేటు.

నా గేటు దగ్గర మాత్రం సతాయించాడు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లా కింది భాగంలో నేను గది అద్దెకు తీసుకున్నాను. ముందు గేటుకు ఏడు మెట్లున్నాయి. వెనక సందులోకి ఏటవాలుగా సిమెంటు దారి, దాని చివర చెత్తడబ్బాలు. 2022లో ఒక పేషెంటు ఇంటి బాత్రూములో నేను జారిపడితే మోకాలికి ఆపరేషనైంది. సెలవు అయిపోయి డ్యూటీకి వచ్చిన రోజు నుంచి మొహిద్దీన్ వ్యాను ముందుకు రావడం మానేసింది. వెనక చెత్త పక్కన ఆపి హారను కొట్టేవాడు.

"పొద్దున్నే ఆ కంపులో నిలబడాలా నేను? ముందుకు తీసుకురా!"

"మిషను ఈడికే తెస్తాంది."

"మిషన్‌కి చెప్పింది నువ్వేగా? మార్చు."

"మార్చేదానికి రాదు."

నన్ను చెత్త పక్కన నిలబెట్టడం అతనికి సరదా అనుకున్నాను. నాలుగు నెలలు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని తిట్టుకుంటూ ఎక్కాను. తరువాత కూడా అక్కడే ఎక్కాను, తిట్లు మాత్రం తగ్గించలేదు.

2024 మొదట్లో కొత్త వ్యాన్లొచ్చాయి. స్టీరింగ్ పక్కనే డాష్‌బోర్డులో బిగించిన పెద్ద తెర, అందులోనే నావిగేషన్. వ్యాన్లు చూసే మేనేజరు సత్యప్రసాద్ అని గుంటూరాయన, నవ్వుతూనే కోసేస్తాడు. డ్రైవర్లనూ నర్సులనూ కూర్చోబెట్టి మీటింగ్ పెట్టాడు. ఊడిపడే మిషన్లు, వేలాడే వైర్లు ఇక కనిపించకూడదన్నాడు. బిగించిన తెర అయితే ఎండకు ఆగదు, టన్నెల్లో దారి తప్పదు, బండి ఎక్కడుందో ఆఫీసుకు తెలుస్తుంది అన్నాడు. ఆ చివరి మాట మెల్లగా అన్నాడు.

మొహిద్దీన్ లేచి నిలబడ్డాడు. మీటింగుల్లో డ్రైవర్లు లేవడం నేనెప్పుడూ చూడలేదు.

"సార్, ఈ బండి సర్వీసుకు పోతే ఇంకో బండి ఇస్తారు. దాని తెరలో ఏముంటాది? మట్టి. నా మిషను ఏ బండి ఎక్కినా నాతో వస్తాది. బండి కంపెనీది సార్, దావ నాది."

"దారి కూడా కంపెనీదే మొహిద్దీన్" అన్నాడు సత్యప్రసాద్ నవ్వుతూ.

రెండు వారాల తరువాత నర్సులకు ఒక కాగితం ఇచ్చారు. అంటించే మిషన్ కావాలా, బిగించిన తెర కావాలా? నేను తెర పక్కన టిక్కు పెట్టాను. అది చాలక కింద రాశాను కూడా: ఆ పాత మిషన్ తీసేయించండి, అతను గాలంతా దానికే ఇస్తున్నాడు. సంతకం పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టి రాయించలేదు. ఆ కాగితం ఇచ్చేసి వస్తుంటే నాకు పండగలా ఉంది.

మిషన్ పోయింది, చల్లగాలి వచ్చింది. దానితోపాటు ఆలస్యమూ వచ్చింది. తెర మమ్మల్ని ముందు గేటుకే తీసుకెళ్లేది. అక్కడి కాపలావాడు తెరవడు. చుట్టూ తిరిగితే తెర మళ్లీ వెనక్కు తిప్పమనేది. దారి గుర్తుంది కదా, తెరను పట్టించుకోకుండా పొమ్మన్నాను. అది చెప్పిన దారి వదిలితే ఆఫీసులో ఎర్రగా చూపిస్తుందట, దానికో నోటీసట. రెండు నోటీసులయ్యాక మొహిద్దీన్ పాత మిషన్‌ను ఒళ్లో పెట్టుకుని నడపడం మొదలుపెట్టాడు. మూడోవారం సత్యప్రసాద్ దారిలో బండి ఆపి చూశాడు. మిషన్ లాక్కున్నాడు. మొహిద్దీన్‌ను డ్యూటీ దింపాడు.

మర్నాడు నన్ను తన గదికి పిలిచాడు. బల్ల మీద ఆ మిషన్ ఉంది.

"యూనిస్ సిస్టర్, ఇందులో మన పేషెంట్ల ఇళ్లన్నీ ఉన్నాయి. పేర్లే అర్థం కావట్లేదు. ఇదేంటండీ, మామిడికాయల మండీ? మీరు మూడేళ్లు ఆ బండిలో తిరిగారు. ఏది ఎవరి ఇల్లో చెప్పేయండి, కొత్త తెరల్లోకి ఎక్కించేస్తాం. గంట పని."

"మరి మొహిద్దీన్?"

"ఎక్కించేస్తే ఇక అతనితో పనేముందండీ? సోమవారం కొత్త కుర్రాడు వస్తున్నాడు. మొహిద్దీన్ వీసా క్యాన్సిల్, ఖలాస్."

యాభైనాలుగేళ్ల డ్రైవరుకు ఇక్కడ ఇంకో కంపెనీ వీసా ఇవ్వదు. అది నాకు తెలుసు, సత్యప్రసాద్‌కు ఇంకా బాగా తెలుసు. అయినా నేను చెప్పడం మొదలుపెట్టాను. పేషెంట్ల మేలు కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి మూడేళ్ల కడుపుమంట అది. మామిడికాయల మండీ బనియాస్ ముసలమ్మది. పాత బస్టాండు షహామాది. మసీదు వీధి ఖలీఫా సిటీలో చక్కెరజబ్బు ఆవిడది. మూడు చెప్పేశాను. ఆయన గబగబా రాసుకున్నాడు.

నాలుగోది చదివాను. పెద్దనోరు.

ఏ ఇల్లో అర్థం కాక మీట నొక్కితే మ్యాపు వచ్చింది. అది నా ఇల్లే. నాకు ఒళ్లు మండిపోయింది. అదే మ్యాపులో హెప్సీ ఉండే ఇంటికి చిన్నపాప అని పెట్టాడు. నాకు పెద్దనోరు! వీడు పోవాల్సిందే, మిగతావన్నీ ఇప్పుడే చెప్పేస్తాననుకుని కిందికి జరిపాను. ఐదోదీ నాదే.

పెద్దనోరు మెట్లులేవు.

తెర మీద చుక్క వెనక సందులో ఉంది. పక్కన తారీకు కూడా ఉంది. ఆపరేషన్ తరువాత నేను డ్యూటీలో చేరిన రోజది. చెత్తడబ్బాల దాకా వెళ్లే ఆ సిమెంటు వాలు మీద నేను మోకాలు మడవకుండా నాలుగు నెలలు నడిచాను. ఏడు మెట్లు దిగాల్సి వచ్చి ఉంటే ఏమయ్యేదాన్నో ఒక్కరోజైనా ఆలోచించలేదు. నాకు సిగ్గేసింది. ఈ ముక్క నోటితో చెప్పి చావొచ్చుగా అని అతని మీద కోపమూ వచ్చింది.

"ఊఁ, తరువాతది?" అన్నాడు సత్యప్రసాద్.

"నాకు తెలియదండీ."

"ఇప్పటిదాకా చెప్పారుగా?"

"ఆ మూడే తెలుసు. మిగతావి అతనికే తెలుసు. నర్సుని తప్పు ఇంటికి పంపితే బాధ్యత నాది కాదండీ."

హెప్సీకి నేను చెప్పాల్సిన పనే లేకపోయింది. ఆయన ఆమెను పిలిపించి అడిగితే, చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని సార్, నాకేం వినపడలేదు అందట.

సోమవారం వచ్చిన కుర్రాడు వారంలో పదకొండు ఇళ్లకు ఆలస్యం చేశాడు. ఇంటివాళ్ల ఫోన్లతో ఆఫీసు దద్దరిల్లింది. పదిరోజులు చూసి సత్యప్రసాద్ మొహిద్దీన్‌ను పిలిచి మిషన్ చేతిలో పెట్టాడు. ఓడిపోయినట్టు కనిపించడం ఆయనకు ఇష్టం ఉండదు. మా అందరి ముందూ ఫైల్లోంచి ఆ కాగితం తీశాడు.

"నీ మిషన్ తీసేయమన్నది నేను కాదయ్యా, మీ సిస్టర్లే. ఇదిగో, యూనిస్ గారు ఏం రాశారో విను." చదివాడు, సంతకంతో సహా.

 మొహిద్దీన్ మిషన్‌ను చొక్కా అంచుతో తుడుచుకుని వెళ్లిపోయాడు. అతన్ని ఆపి చెప్పొచ్చు నేను, మిగతా ముప్పై ఎనిమిది ఇళ్లు తెలిసీ నోరు మూసుకున్నానని. అప్పుడు ఆ మూడింటి సంగతీ చెప్పాలి. పైగా అతనిముందు నేను దిగిరావడమా? చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న వెనక సందులో చెత్త పక్కన నిలబడ్డాను. వ్యాను రాలేదు. హారను ముందువైపు నుంచి వినిపించింది. మళ్లీ ఇంట్లోకి వచ్చి, ముందు గడప దాటి, గోడ పట్టుకుని ఏడు మెట్లు ఒక్కొక్కటే దిగాను. మోకాలు ఇప్పటికీ మెట్లంటే మొరాయిస్తుంది. అతను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. నేను ఎక్కి కూర్చోగానే చెయ్యి చాపి చల్లగాలి మొత్తం నావైపు తిప్పాడు. ముందు అద్దం మీద పాత మిషన్ ఉంది కానీ ఆపేసి ఉంది. పక్కన కొత్త తెర వెలుగుతోంది.

"మిగతా ఇండ్లకు నా మిషను. నీ ఇంటికి నువ్వు అడిగిన తెరే పెట్టినా" అన్నాడు. "అది ముందు గేటుకే తెస్తాంది. మార్చేదానికి రాదు. సీటుబెల్టు."

నేను సీటుబెల్టు పెట్టుకున్నాను. నా నోరు పెద్దదని మూడేళ్లుగా ఆ మిషన్లో రాసి ఉంది. ఆ పొద్దున అది పెగల్లేదు.