అరవై శాతం దగ్గర పోయిన కరెంటు

తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యాక ఊళ్లన్నిటా కరెంటు కోతలున్నా, బొగ్గు తవ్వే మా భూపాలపల్లి క్వార్టర్లకు మాత్రం రావనుకున్నాను. ఆ ధీమాతోనే యూపీఎస్ కొనలేదు.

పాత గేమ్ కన్సోల్ బోర్డును కంప్యూటర్ డబ్బాలో బిగించడానికి నాకు ఆరు నెలలు పట్టింది. గనిలో ఫిట్టరైన మా బాపే దానికి రేకు కోసి ఇచ్చాడు. ఈ రోజు అందులోకి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే అరవై శాతం దగ్గర కరెంటు పోయింది. మధ్యలో ఆగితే ఆ బోర్డు ఇక పనిచేయదు. కరెంటు వచ్చాక ఎన్నిసార్లు నొక్కినా లేవలేదు.

కోపంతో, సమ్మెలో ఉన్న గని కార్మికులు రోడ్డు మీద వంటావార్పు చేస్తున్న చోటికి పోయాను. బాపు గంటెతో పప్పు కలుపుతున్నాడు.

"బాపూ, నా బోర్డు సచ్చిపోయింది. మీరు బొగ్గు తియ్యకనే."

ఆయన గంటె ఆపాడు. "మరి ఏం జెయ్యమంటవ్ బిడ్డా? గనిల దిగాల్నా?"

"వద్దు" అన్నాను. ఏడుపొచ్చింది. అక్కడే కూర్చుని తిన్నాను. తర్వాత జై తెలంగాణ అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. అందులో సగం బోర్డు కోసం.

ఇట్లా పోయిన బోర్డును లేపినవాళ్లు ఎవరైనా ఉంటే కింద చెప్పండి. జర తొందరగా, ఫోన్‌లో నాలుగు శాతమే మిగిలింది. మళ్లీ కరెంటు లేదు.