నంబరు లేని బాన

పన్ను పీకించుకుని, నోట్లో దూదితో కోప్పడటం ఎంత కష్టమో అతుకులమ్మను అడగాలి. ఆ రోజు వాచిన దవడతోనే మధ్యాహ్నానికి మ్యూజియానికి వచ్చింది. రాకపోతే ఎవరూ ఏమీ అనరు. కానీ పంతొమ్మిదేళ్లుగా ఆ యూనివర్సిటీ మ్యూజియం నేలమాళిగలో పగిలిన మట్టిపాత్రలు అతికే మనిషికి ఇంట్లో చేతులు ఊరుకోవు. ఊడ్చే పనికని చేరి, చూసి చూసి నేర్చుకున్న విద్య అది. "మా అన్నయ్యతో కన్నా ఆ పెంకులతోనే మా వదిన ఎక్కువ మాట్లాడుతుంది" అని ఆడపడుచు దెప్పుతుంది. అబద్ధమేమీ కాదు.

ఆ పెంకుల్లో ఒక పెద్ద బాన ఉంది. తవ్వకాల్లో గోనెసంచుల నిండా ముక్కలై వచ్చింది. వాటిని కడిగి, ఏరి, ఒక్కొక్క అంచు సరిచూస్తూ రెండు ట్రేలలో పరచడానికే తొమ్మిదేళ్లు పట్టింది. అతుకు ఖాయమని తేలేదాకా అతుకులమ్మ ఏ పెంకు మీదా నంబరు వెయ్యదు. సిరా మట్టిలోకి ఇంకితే గీకినా పోదు. తప్పు నంబరు పడితే తర్వాత చూసినవాళ్లంతా దాన్నే నమ్ముతారు.

మెట్లు దిగి చూస్తే బల్ల ఖాళీ. ట్రేలు లేవు.

"పైకి తీసుకెళ్లారక్కా" అన్నాడు వాచ్‌మన్. "చలికాలం వర్క్‌షాపు కదా, పగిలినవి అతికించడం నేర్పుతున్నారంట."

పై హాల్లో పన్నెండుమంది ఏప్రన్లు కట్టుకుని కూర్చున్నారు. చేతుల్లో, క్షణంలో పట్టేసే గమ్ము. ఒకాయన బాన అడుగుకు బాన మూతి అతికించి ఫొటో తీయించుకుంటున్నాడు. ఒకావిడ అయిదు పెంకులతో పువ్వు చేసింది. "తప్పనేదే లేదు! మీకు తోచినట్టు చెయ్యండి, ఇంటికి పట్టుకెళ్లండి!" అంటూ నేర్పే లెక్చరరు చప్పట్లు కొడుతున్నాడు.

అతుకులమ్మ దూది తీసి పారేసింది.

"ఆపండి! ఎవడబ్బ సొమ్మని పంచిపెడుతున్నారు?"

డైరెక్టరమ్మ పరుగున వచ్చింది. "అరవకండి. వాటి మీద నంబర్లు లేవు. నంబరు లేనిది మన లెక్కలో వస్తువు కాదు, చెత్త. రూలు మీకు తెలీదా?"

"ఎందుకు వెయ్యలేదో తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా కిందికి దిగి అడిగారా?"

"మాకేం తెలుసమ్మా, ఇచ్చారు, తీసుకున్నాం" అంది పువ్వావిడ, బిక్కమొహం వేసి. వాళ్ల తప్పు కాదు. అందుకు అతుకులమ్మకు ఇంకా ఒళ్లు మండింది.

"తిరిగి ఇమ్మనండి" అంది అతుకులమ్మ.

"ఇంటికి ఇస్తామని కరపత్రంలో వేశాం. మాట తప్పలేం."

అప్పటికే ఇద్దరు బొమ్మల్ని సంచుల్లో సర్దుతున్నారు. అతుకులమ్మ గబగబా కిందికెళ్లి సిరాబుడ్డీ సన్నపాళీ కలమూ తెచ్చింది. పన్నెండు బొమ్మలూ బల్ల మీదికి లాగి, ఒక్కొక్కదాని మీదా నంబరు వేసింది. తప్పు అతుకు మీద నంబరు వెయ్యడం ఆమెకు జన్మలో అదే మొదలు. అయినా వేసింది.

"ఇప్పుడు వస్తువులేగా? గడప దాటించండి చూద్దాం!"

డైరెక్టరమ్మ మొహం మాడిపోయింది. రూలు రూలే. రిజిస్టరు తెప్పించి పన్నెండూ ఎక్కించింది. వచ్చినవాళ్లు సణుక్కుంటూ వట్టి చేతులతో వెళ్లారు.

"ఆర్నెల్లు పట్టినా సరే, గమ్ము మెత్తబరిచి అన్నీ విప్పుకుంటాను" అని అతుకులమ్మ ట్రే ఎత్తబోయింది.

డైరెక్టరమ్మ రిజిస్టరులోంచి తల ఎత్తలేదు. "విప్పడమేంటి? నంబరు పడ్డ వస్తువు రూపం మార్చకూడదు. ఎలా ఉన్నది అలాగే ఉండాలి."

అతుకులమ్మ ట్రే మీంచి చేతులు తీసేసింది.

ఇప్పుడవి మెట్ల పక్క అద్దాల బీరువాలో ఉన్నాయి. బడిపిల్లలు గుంపుగా వచ్చి, పువ్వు ముందు ఆగి, ఆ కాలంవాళ్లు ఎంత బాగా చేశారో అని నోళ్లు తెరుస్తారు. "అది పువ్వు కాదర్రా, బాన!" అని అతుకులమ్మ అరుస్తుంది. నంబరు చూపించి, ఇది ఎవరు వేశారని పిల్లలు అడుగుతారు.

"నేనే" అంటుంది.