బండి మీది బోర్డు

మా సోషల్ టీచర్ పోయిన గురువారం పొద్దున నాచారంలోని తన ఇంట్లో కన్నుమూశారు. మా బడి వాట్సాప్ గ్రూపులో ఆ వార్త చూడగానే ఆమె కూతురికి ఫోన్ చేసి నిజమేనా అని అడిగాను. ఆ అలవాటు టీచర్ నేర్పిందే. అంతకుముందు, అసలు అవసరమైన రోజున మాత్రం నాకది గుర్తు రాలేదు.

ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు ఆమె క్లాసులోకి వచ్చి "రేపు బడికి సెలవు" అన్నారు. అందరం కేకలు వేశాం.

"ఎవరు జెప్పిన్రని ఒక్కరన్న అడిగిన్రా?"

"మీరే చెప్పారు కదా టీచర్" అన్నాను.

"నన్ను గూడ అడగాలె బిడ్డా. మీకెట్ల తెలుసు, మీరు సూసిన్రా అని."

ఆ ఏడాదంతా పేపర్ కటింగులు తెచ్చి, చూసినవాళ్లు చెప్పిందేదో, విన్నవాళ్లు చెప్పిందేదో మాతో వెతికించారు. అందులో నేనే ఫస్టు.

రెండేళ్ల కిందట పీర్జాదిగూడలో మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఒకాయన మిర్చి బజ్జీల బండి పెట్టుకునేవాడు. మురికినూనెలో బజ్జీలు వేస్తున్న వీడియో ఒకటి నాకు వచ్చింది. "మీ గేటు దగ్గరి బండే" అని దాని కింద రాసి ఉంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ, బడి పాత విద్యార్థుల గ్రూపులోనూ పెట్టేశాను. రెండో గ్రూపులో టీచర్ ఉన్నారు. వెంటనే ఫోన్ చేశారు.

"ఆ వీడియోల బండి మీద బోర్డున్నది. ఏ భాషల ఉన్నదో సూసినవా?"

చూశాను. కన్నడ అక్షరాలు.

"మన దగ్గరిది కాదు టీచర్."

"మరి తప్పని మీ అపార్ట్‌మెంట్ గ్రూపుల రాయి. ఆయన దగ్గరికి వొయ్యి జెప్పు. జర జల్ది."

సరేనన్నాను. వీడియో తీసేసి ఊరుకున్నాను. తప్పు ఒప్పుకుంటే నలుగురిలో చులకనవుతానని భయం. బండి దగ్గర జనం పలచబడ్డారు. ఆయన ముఖం చూడలేక వెనక గేటు నుంచి వెళ్లేవాణ్ని. నెల తిరక్కుండా బండి కనబడకుండా పోయింది.

తర్వాత టీచర్ అడిగితే "చెప్పాను" అన్నాను. ఆ ఒక్కసారి ఆమె ఎదురుప్రశ్న వేయలేదు. "మంచి పని జేసినవ్ బిడ్డా" అన్నారు.

గురువారం వాళ్లింట్లో ఆమె కూతురు నన్ను గుర్తుపట్టి, "మీ గురించి అమ్మ అందరికి జెప్తుండె అన్నా. తప్పయితే ఒప్పుకునేటోడు అని" అంది.

ఆ సాయంత్రమే అపార్ట్‌మెంట్ గ్రూపులో జరిగిందంతా రాశాను. చాలాసేపటికి ఒకే ఒక్క జవాబు వచ్చింది.

"ఏ బండి?"

కిందికి దిగి ముందు గేటు దాకా వెళ్లాను. ఆయన నిలబడే చోట ఎవరిదో కారు ఆగి ఉంది. దాని వెనక గోడ మీద, నడుమెత్తున, పొయ్యి పొగ నల్లగా పట్టి ఉంది.